ఎవరి ఫోనైనా చూసేది పిల్లలే: ఇంట్లో స్క్రీన్ టైమ్‌ను దారిలో పెట్టే పద్ధతి

స్క్రీన్ టైమ్ మీద దొరికే సలహాల్లో చాలావరకు పిల్లాడికి సొంత ట్యాబ్ ఉందనుకుని రాసినవే. దానికి టైమ్ పెట్టేస్తే పని అయిపోయినట్టు. మన ఇళ్లలో అలా ఉండదు. పొద్దున అమ్మ ఫోను, మధ్యాహ్నం తాతయ్య ఫోను, సాయంత్రం హాల్లో టీవీ, రాత్రి నాన్న ఫోను. ఎవరిని అడిగినా "నేనిచ్చింది పావుగంటే" అంటారు. అందరూ నిజమే చెబుతారు, కలిపి చూస్తే మూడు గంటలు దాటుతుంది. అందుకని నిమిషాల కంటే ముందు సందర్భాల లెక్క తియ్యాలి: ఏ వేళకి, ఎవరు, ఎందుకు ఇస్తున్నారు. ఇక్కడ చెప్పేవన్నీ ప్రధానంగా 2 నుంచి 12 ఏళ్ల పిల్లలున్న ఇంటికి. టీనేజీ వాళ్ల సంగతి విడిగా కొంచెం ఉంది.

మొదటి వారం ఏమీ మార్చొద్దు

ఫ్రిజ్ తలుపుకి ఓ కాగితం అంటించి నాలుగు గడులు గీయండి: ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏ తెర, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు. నాలుగో గడి అసలైనది. "అన్నం తినట్లేదని", "వంటయ్యేదాకా", "చుట్టాలొచ్చారని", "హోంవర్క్ గ్రూపులో వచ్చిందని", "ఏడుస్తుంటే" లాంటి మాటలు అందులో పడాలి. రాసేటప్పుడు ఎవరినీ తప్పు పట్టొద్దు. పడితే రెండో రోజు నుంచి ఎవరూ నిజం రాయరు.

ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే ఏ యాప్ ఎంతసేపు ఆడిందో కనిపిస్తుంది. ఐఫోన్‌లో దాని పేరు స్క్రీన్ టైమ్. పెద్దవాళ్ల వాడకం కూడా అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని కాగితంతో సరిచూసుకోవడానికే వాడండి. ఎవరూ చూడకుండా ఆడుతున్న టీవీని కూడా రాయండి. సీరియల్ నడుస్తుంటే పిల్లలు చూడట్లేదులే అనుకుంటాం. కానీ ఆ చప్పుడులో పెద్దలు పిల్లలతో మాట్లాడే మాటలు తగ్గుతాయి, పిల్లల ఆట మాటిమాటికీ తెగిపోతుంది.

వారం చివర కారణాల వారీగా కూడండి. చాలా ఇళ్లలో రెండు మూడు కారణాలే పెద్ద వాటా తీసుకుంటాయి. ముందు వాటి సంగతి చూడాలి, మిగతావి తర్వాత.

ఎంతసేపు అన్నదానికి లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం ఏడాది లోపు పిల్లలకి తెర వద్దు, రెండేళ్ల వరకూ అదే మాట, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదు, ఇంకా తగ్గితే మంచిది. భారత పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ కూడా దాదాపు ఇదే చెబుతుంది: రెండేళ్ల లోపు వాళ్లకి బంధువులతో అప్పుడప్పుడూ వీడియో కాల్ తప్ప ఏమీ వద్దు, ఐదేళ్ల లోపు గంట, 5 నుంచి 10 ఏళ్ల వాళ్లకి రెండు గంటల లోపు. అమెరికాలో ఉన్న నానమ్మతో మనవరాలు వీడియోలో మాట్లాడితే దాన్ని లెక్కలో వేయక్కర్లేదు.

బడికెళ్లే పిల్లలకి ఇంకో లెక్క ఎక్కువ పనికొస్తుంది: నిద్ర నుంచి వెనక్కి రండి. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. స్కూలు బస్సు కోసం ఆరింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా నిద్రపోవాలి. తెర దానికి గంట ముందే ఆగాలి, అంటే ఎనిమిదికి. ఇంటికొచ్చేది నాలుగున్నరకి అనుకుంటే చేతిలో ఉన్నది మూడున్నర గంటలు. అందులో ఆట ఓ గంట, హోంవర్క్, స్నానం, భోజనం పోను మిగిలేది అరగంట నుంచి ముప్పావుగంట. రెండు గంటలకు అసలు చోటే లేదని పిల్లాడి ముందే కాగితం మీద వేసి చూపించండి. ఎనిమిదేళ్ల వాళ్లకి ఈ లెక్క బాగానే అర్థమవుతుంది.

అన్నం దగ్గర ఫోను మాన్పించడం

రెండు మూడేళ్ల పిల్లలున్న ఇంట్లో ఇదే అన్నిటికంటే కష్టం. ఇది తేలితే మిగతావి సులువు. తెర చూస్తూ తినే పిల్లలకి నోట్లో ముద్ద పడుతున్న సంగతే తెలియదు. కడుపు నిండిన సంగతీ తెలియదు. నమలడం మానేసి బుగ్గన పెట్టుకుంటారు, లేదా మింగేస్తారు. తల్లికి మాత్రం గిన్నె ఖాళీ అయిన తృప్తి ఉంటుంది, అందుకే అలవాటు గట్టిపడుతుంది.

ముందు ఆకలి సంగతి చూడండి. అన్నం తినని పిల్లల్లో చాలామంది పాలతో, బిస్కెట్లతో కడుపు నింపుకున్నవాళ్లే. భోజనానికి రెండు గంటల ముందు నుంచి నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దు. ఏడాది దాటిన పిల్లలకి రోజంతా కలిపి అర లీటరు పాలు మించకుండా చూడండి.

తర్వాత తెరని మూడు మెట్లలో దించండి. మొదటి మూడు రోజులు అవే పాటలు పెట్టండి కానీ ఫోను బోర్లా పెట్టండి, వినిపించడమే. తర్వాతి మూడు రోజులు మొదటి ఐదు నిమిషాలే పాట. ఏడో రోజు నుంచి ఫోను ఆ గదిలోనే ఉండకూడదు, పెద్దవాళ్లది కూడా. పిల్లని కింద పీట మీదో చాప మీదో అందరితో పాటు కూర్చోబెట్టి, మామూలుగా పెట్టేదాంట్లో సగమే వడ్డించండి. పప్పన్నం చిన్న చిన్న ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెడితే తనే తీసుకుంటుంది. సగం కింద పోస్తుంది, పోయనివ్వండి. పాత పేపరు పరుచుకుంటే సరి.

పాతిక ముప్పై నిమిషాలయ్యాక తిన్నా తినకపోయినా కంచం తీసేయాలి. మళ్లీ తిండి రెండు రెండున్నర గంటల తర్వాతే. మొదటి మూడు నాలుగు రోజులు తిండి తగ్గుతుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది భయపడి ఫోను ఇచ్చేస్తారు. చురుగ్గా ఆడుకుంటూ, మూత్రం బాగానే పోస్తున్న పిల్ల ఓ పూట తక్కువ తింటే ప్రమాదం లేదు. బరువు తగ్గినా, ఒంట్లో బాగా లేకపోయినా, నమలడంలో మింగడంలో ఇబ్బంది కనిపించినా మాత్రం ఆపి డాక్టరుకి చూపించాలి.

తెరకి ఒక చోటు, ఒక వేళ

ఇవ్వాలనుకున్న సమయాన్ని ఫోన్లో కాకుండా టీవీలో ఇవ్వండి. టీవీ దూరంగా ఉంటుంది, ఏం చూస్తున్నారో అందరికీ కనబడుతుంది, దుప్పట్లోకి తీసుకెళ్లడం కుదరదు. ఫోను ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. కంటికి దగ్గరి చూపు ఎక్కువై, ఆరుబయట గడిపే సమయం తక్కువైన పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసగ్గా కనిపించే లోపం, వచ్చే అవకాశం పెరుగుతుంది. రోజుకి రెండు గంటలు బయటి వెలుతుర్లో ఉంటే అది కొంత తగ్గుతుంది.

వేళ రోజూ ఒకటే ఉండాలి, ఆటా హోంవర్కూ అయ్యాక. పొద్దున్నే ఇస్తే రోజంతా అడుగుతూనే ఉంటారు. గడియారం చూడ్డం రాని పిల్లల కోసం ఓ చిన్న ఉపాయం: గోడ గడియారం అద్దం మీద పెద్ద ముల్లు చేరాల్సిన చోట బొట్టుబిళ్ల అంటించండి. "పెద్ద ముల్లు బొట్టు దగ్గరికొస్తే టీవీ బంద్" అంటే నాలుగేళ్ల పిల్లకి కూడా తెలుస్తుంది. తగాదా కూడా అమ్మతో కాకుండా గడియారంతో అవుతుంది.

ఆపించడంలో నాలుగు జాగ్రత్తలు. ఐదు నిమిషాల ముందు దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యేసి చెప్పండి. వంటింట్లోంచి కేకేస్తే వినబడదు. ఎపిసోడ్ మధ్యలో కట్టెయ్యకండి, సమయాన్ని ఎపిసోడ్‌తో కొలవండి: "రెండు ఎపిసోడ్లు" అనడం "ముప్పావుగంట" కన్నా మేలు. రిమోట్‌తో ఆపే పని పిల్లల చేతే చేయించండి. ఆపగానే చేయాల్సిన పని సిద్ధంగా ఉండాలి, అది ఇష్టమైనదై ఉండాలి. టీవీ కట్టెయ్యగానే లెక్కల పుస్తకం తెమ్మంటే ఎవరు కడతారు?

షార్ట్స్, రీల్స్ అసలు వద్దు. వాటికి ముగింపు లేదు కాబట్టి ఎక్కడ ఆపాలన్నా మధ్యలో ఆపినట్టే ఉంటుంది.

ఫోన్లలో చేయాల్సిన మార్పులు

పాత ఫోను ఒకటి మూలన పడి ఉంటే పని తేలిక. అద్దం పగిలినా ఫరవాలేదు, ఆండ్రాయిడ్ 7 లేదా ఆపైది అయితే చాలు. సిమ్ తీసేయండి, అందులోని ఫోటోలు వేరేచోట దాచుకోండి, మొత్తం రీసెట్ కొట్టండి. మళ్లీ ఆన్ చేసేటప్పుడు మీ గూగుల్ ఖాతా వేయకుండా పిల్లల కోసం కొత్త ఖాతా తెరవండి, అసలు పుట్టిన తేదీతోనే. మీ ఫోన్లో ఫ్యామిలీ లింక్ యాప్ వేసుకుని ఆ ఖాతాని జత చేయండి. అందులో రోజువారీ పరిమితి, రాత్రి పూట ఫోను మూతపడే వేళ, ఒక్కో యాప్‌కి విడి పరిమితి, కొత్త యాప్ వేయాలంటే మీ అనుమతి: ఈ నాలుగూ పెట్టండి.

ఇక్కడ బోల్తా పడే చోట్లు మూడు. ఒకటి, యూట్యూబ్ యాప్ ఆపేసి క్రోమ్‌ని వదిలేయడం. పిల్లలు బ్రౌజర్లో యూట్యూబ్ తెరుస్తారు. క్రోమ్‌లో మీరు అనుమతించిన సైట్లే తెరుచుకునేలా పెట్టండి. రెండు, రోజువారీ పరిమితి ఒక్కో పరికరానికి విడిగా ఉంటుంది. ఫోనూ ట్యాబూ రెండూ ఉంటే గంట కాస్తా రెండు గంటలవుతుంది. మూడు, పిన్. మీరు నొక్కుతుంటే పక్కన కూర్చున్న ఆరేళ్ల పిల్లాడు వేళ్ల కదలిక చూసి పట్టేస్తాడు. పుట్టిన సంవత్సరం, పెళ్లిరోజు పెట్టకండి.

అమ్మ ఫోనే ఇవ్వాల్సి వస్తే ఫ్యామిలీ లింక్ పనికిరాదు, అది పిల్లల ఖాతా ఉన్న పరికరానికే. అప్పుడు యాప్ పిన్నింగ్ వాడండి: సెట్టింగ్స్‌లో వెతికి ఆన్ చేసి, ఆ పిన్నింగ్ తీయాలంటే పాస్‌వర్డ్ అడిగేలా పెడితే పిల్లలు ఆ ఒక్క యాప్ దాటి బయటికి రాలేరు. శాంసంగ్ ఫోన్లలో శాంసంగ్ కిడ్స్ అని విడి మోడ్ ఉంది, సమయం కూడా పెట్టొచ్చు. ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఆన్ చేసుకుంటే పక్క బటన్ మూడుసార్లు నొక్కగానే ఉన్న యాప్ దగ్గరే బిగుసుకుంటుంది. ఐఫోన్ స్క్రీన్ టైమ్‌లో పరిమితి పెట్టేటప్పుడు పాస్‌కోడ్ పెట్టి, గడువు ముగిశాక బ్లాక్ చేసే మీట నొక్కడం మర్చిపోవద్దు. నొక్కకపోతే పరిమితిని పక్కకి నెట్టేసి చూడనిస్తుంది.

యూట్యూబ్‌లో ఆటోప్లే తీసేయండి. వాచ్ హిస్టరీ పాతది చెరిపేసి ఆపేస్తే హోమ్ పేజీలో ఎర వేసే వీడియోలు రావు, కావలసింది వెతుక్కుని చూడాల్సిందే. పక్కన కూర్చుని వెతికిపెట్టేది మీరే కాబట్టి ఇదే మంచిది. చిన్నపిల్లలకి యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఎంచిన ఛానెళ్లే కనిపించే ఏర్పాటు ఉంది, దానికి టైమర్ కూడా ఉంది. వదిలేస్తే అక్కడా బొమ్మల ప్యాకెట్లు విప్పే వీడియోలే గంటలకొద్దీ నడుస్తాయి.

ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ పిల్లల ముందు కొట్టొద్దు. వైఫై రౌటర్లో రాత్రి ఎనిమిది నుంచి పిల్లల ఫోనుకి నెట్ ఆపొచ్చు కానీ కొత్త ఫోన్లు మ్యాక్ అనే తమ గుర్తింపు సంఖ్యను మార్చుకుంటూ రౌటర్‌ని ఏమారుస్తాయి. ఆ ఫోను వైఫై సెట్టింగ్స్‌లో యాదృచ్ఛిక మ్యాక్ తీసేసి పరికరం మ్యాక్ ఎంచితేనే తాళం పడుతుంది.

మొదటి పది రోజులు

నియమం పెట్టిన వెంటనే పేచీ తగ్గదు, పెరుగుతుంది. ఇంతకుముందు ఏడిస్తే దొరికింది కాబట్టి ఇంకాస్త గట్టిగా ఏడ్చి చూస్తారు. నాలుగో రోజునో ఐదో రోజునో పతాకస్థాయికి వెళ్తుంది. అప్పుడు గానీ ఇచ్చారా, ఇంతసేపు ఇంత గట్టిగా ఏడిస్తే వస్తుందని మనమే నేర్పినట్టు. రోజూ ఇవ్వడం కన్నా పదిసార్లు కాదని పదకొండోసారి ఇవ్వడం అలవాటును ఎక్కువ మొండి చేస్తుంది.

పేచీ పెడుతున్నప్పుడు వాదన వద్దు, ఉపన్యాసం అసలే వద్దు. "ఇంకా చూడాలనుంది కదా, తెలుసు. రేపు మళ్లీ ఐదున్నరకి" అని ఒకేసారి చెప్పి, దగ్గర్లోనే ఉండి మీ పని చేసుకోండి. కొట్టడం, తలుపేసి గెంటడం వంటివి ఫోను మీద మోజు పెంచుతాయే తప్ప తగ్గించవు. మంచి మార్కులకి బహుమానంగా, అల్లరికి శిక్షగా ఫోన్ని వాడకపోవడం కూడా ఇందులో భాగమే. బహుమానమైతే దాని విలువ పెరుగుతుంది.

బోర్ కొడుతోంది అన్నప్పుడు చేతికందే దూరంలో ఏదో ఒకటి ఉండాలి. ఫోను క్షణంలో దొరుకుతుంది, క్యారమ్ బోర్డు అటక మీద ఉంటుంది, ఏది గెలుస్తుంది? అష్టాచెమ్మా గవ్వలు, చాక్‌పీసులు, చింతపిక్కలతో వామనగుంటలు, కత్తెర, జిగురు, పాత పేపర్లు ఒక అట్టపెట్టెలో వేసి హాల్లోనే కింద పెట్టండి. ఫోన్లన్నీ రాత్రి హాల్లో ఒకే చోట ఛార్జింగుకి పెట్టాలి. అలారం కోసం దగ్గర పెట్టుకున్నాననే మాట రాకుండా ఓ అలారం గడియారం కొనండి. నాన్న మంచం మీద రీల్స్ చూస్తూ పిల్లల్ని పడుకోమంటే వినే పిల్లలు ఎక్కడా ఉండరు.

అత్తయ్యతో, తాతయ్యతో

పగలంతా పిల్లల్ని చూసుకునేది వాళ్లే అయినప్పుడు నియమాలు వాళ్లతో కలిసి పెట్టాలి. వద్దు అనే మాట కోడలి నోటి నుంచో అల్లుడి నోటి నుంచో వస్తే మనసు నొచ్చుకుంటుంది, అందుకని టీకాకి వెళ్లినప్పుడు వాళ్లని వెంట తీసుకెళ్లి డాక్టరుగారినే అడగండి. తర్వాత పెత్తనం వాళ్లకే ఇవ్వండి: "అత్తయ్యా, మధ్యాహ్నం నిద్ర లేచాక అరగంట టీవీ మీరే పెట్టండి. ఆ వేళ తప్పితే నేను పెట్టినా మీరు ఊరుకోవద్దు." కాపలా పని ఇచ్చాక నియమం తప్పేవాళ్లు తక్కువ.

మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని మూడేళ్ల పిల్లాడి వెంట పరిగెత్తమనలేం. కూర్చుని చేసే పనులు అప్పజెప్పండి: బఠాణీలు వలవడం, చిక్కుళ్ల ఈనెలు తీయడం, పూలు గుచ్చడం. పిల్లలు అరగంటకు తక్కువ కాకుండా అందులో పడతారు. రోజుకి ఓ పూట పెద్దవాళ్లకి పూర్తిగా విశ్రాంతి లేకపోతే మాత్రం ఏ నియమమూ నిలవదు. ఫోను మళ్లీ చేతికొస్తుంది.

బడి పని, పెద్ద పిల్లలు

హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో వస్తే ఫోను పిల్లలకి ఇవ్వకుండా మీరే నోటుపుస్తకంలోకి ఎక్కించండి, లేదా పక్క జిరాక్స్ షాపులో ప్రింటు తీయించండి. ఆన్‌లైన్ క్లాసైతే హాల్లో, తెర అందరికీ కనిపించేలా. చదువు పేరుతో చూసే సమయాన్ని వినోదంలో కలపొద్దు కానీ కళ్లకి మాత్రం రెండూ ఒకటే: ప్రతి 20 నిమిషాలకి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమనండి.

13 దాటిన వాళ్ల దగ్గర తాళాలు ఎక్కువ కాలం నిలవవు, ఒప్పందాలు నిలుస్తాయి. రాత్రి పడకగదిలో ఫోను ఉండకూడదన్న ఒక్క నియమం పట్టుకుని మిగతావి వాళ్లతో కూర్చుని మాట్లాడి తేల్చుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో టీన్ అకౌంట్‌కి రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు ఆగుతాయి. వయసు ఎక్కువ చెప్పి తెరిచిన ఖాతాకి అది వర్తించదు, కాబట్టి పుట్టిన తేదీ సరిచూడండి.

రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పలేని పిల్లల్ని ఫోను వల్లేలే అనుకుని ఆగొద్దు. వినికిడి పరీక్ష చేయించాలి. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాల్లో, అంటే డీఈఐసీల్లో, ఉచితంగా చూస్తారు. ఫోను కోసం బడి మానేయడం, రాత్రంతా మేలుకోవడం, డబ్బు తీయడం, చేయి చేసుకోవడం కనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో సాంకేతిక వ్యసనాల కోసమే షట్ క్లినిక్ నడుస్తోంది.

ఎండాకాలం ఏర్పాటు

ఏడాదంతా నిలిచిన పద్ధతి మార్చిలో ఒంటిపూట బడులతో సడలి, ఏప్రిల్ చివర సెలవులొచ్చేసరికి పూర్తిగా చెదురుతుంది. పదకొండు నుంచి నాలుగున్నర దాకా బయటికి పంపలేం, అందుకని సెలవులకి విడి పట్టిక కావాలి. ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా బయట ఆట, సైకిలు. తర్వాత టిఫిను, స్నానం, పది నుంచి చదివేదో గీసేదో గంట. భోజనం, పడక. అన్నిటికంటే కష్టమైన వేళ రెండున్నర నుంచి నాలుగు, తెర సమయమంతా అక్కడికే దాచండి, గంటకి మించకుండా. దాని ముందూ వెనకా ఏమీ లేదు. ఐదున్నర నుంచి మళ్లీ బయటే.

టీవీ వేళలో కరెంటు పోతే ఏం చేయాలో మొదటి రోజే తేల్చిపెట్టండి. మిగిలిన నిమిషాలు అదే రోజు నాలుగున్నర లోపు కరెంటొస్తే ఇస్తాం, లేకపోతే పోయినట్టే అనుకుంటే గొడవుండదు. ఫోన్లోకి మార్చడం మాత్రం వద్దు. పెళ్లిళ్లకి, రైలు ప్రయాణాలకి, జ్వరం వచ్చినప్పుడు సడలింపు ఇవ్వొచ్చు, కానీ ఇచ్చేముందే ఎప్పటిదాకానో చెప్పాలి: "రైలు దిగేదాకా". అమ్మమ్మగారింట్లో పదిరోజులు ఉండొస్తే తిరిగొచ్చిన తొలి రెండు రోజులూ పేచీ ఉంటుంది, మూడో రోజుకి సర్దుకుంటుంది. బడులు తెరవడానికి పది రోజుల ముందు నుంచి రోజుకి పది పదిహేను నిమిషాల చొప్పున ఇంకాస్త పెందలాడే పడుకోబెడుతూ వచ్చి, తెర వేళని మళ్లీ సాయంత్రానికి మార్చండి.